వెళ్తాం, తింటాం, వచ్చేస్తాం

మా చిన్నది నర్సరీలో చేరిన మొదటి నెలంతా నాకు ఒకటే జవాబు చెప్పింది. స్కూటీ మీద ముందు నిలబడి, అద్దంలో తన మొహం తాను చూసుకుంటూ ఉండేది. "ఇవాళ ఏం నేర్చుకున్నావే?" అని నేను అడగ్గానే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది: "వెళ్తాం, ప్రేయర్ చేస్తాం, స్నాక్స్ తింటాం, బజ్జుంటాం, బెల్ కొడతారు, వచ్చేస్తాం."

"అది కాదే. ఇవాళ ఏం చేశావు?"

"చెప్పాగా."

"ఇవాళ సంగతి చెప్పు."

"వెళ్తాం, ప్రేయర్ చేస్తాం..."

దానికప్పుడు మూడేళ్ళ మూడు నెలలు. నాకేమో ఆ జవాబు విన్నప్పుడల్లా కట్టిన ఫీజు కళ్ళముందు కదిలేది. అంత డబ్బు పోసి చేరిస్తే స్నాక్స్ తిని బజ్జుని వస్తోందా? ఆదివారం మా అత్తగారు ఫోన్ చేసి "ఏబీసీడీలు ఎంతదాకా వచ్చాయమ్మా?" అని అడిగితే టెన్షన్. పక్క ఫ్లాట్ పిల్లాడు అప్పటికే వంద దాకా అంకెలు చెబుతున్నాడు. వాడు వంద చెప్పేటప్పుడు వాళ్ళమ్మ నా వైపు చూస్తుంది, వాడి వైపు కాదు.

కొన్నాళ్ళకి ఒక విషయం తట్టింది. నేను "చేశావు" అని అడుగుతున్నాను, అది "చేస్తాం" అని చెబుతోంది. జరిగిపోయినదాని గురించి చెప్పడం ఇంకా రాలేదేమో అనుకున్నాను. కానీ అదే పిల్ల అదే వారంలో "నిన్న కాకి నా బిస్కెట్ ఎత్తుకెళ్ళింది" అని శుభ్రంగా చెప్పింది. (ఆ కాకి సంగతి జరిగింది సంక్రాంతికి. దానికి జరిగిపోయినవన్నీ నిన్నే.) అంటే చెప్పడం వచ్చు. బడి గురించి మాత్రం అలా చెప్పడం లేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మా ఇంటి వింత కాదని. అమెరికాలో కేథరిన్ నెల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి, రోజూ జరిగే పనుల గురించి, పుట్టినరోజు పండగ గురించి, బయటికెళ్ళి తినడం గురించి అడిగి వాళ్ళ మాటల్ని ఏళ్ళ తరబడి గమనించింది. పిల్లలు ఒక రోజు కథ చెప్పరు, ఎప్పుడూ జరిగే వరస చెబుతారు. ఇది జరుగుతుంది, తర్వాత అది జరుగుతుంది, అంతే. 1984లో రాబిన్ ఫైవుష్ అనే ఆవిడ కిండర్‌గార్టెన్‌లో కొత్తగా చేరిన పిల్లల్ని బడికి వెళ్ళిన రెండో రోజే అడిగింది. ఒక్క రోజు చూసొచ్చిన పిల్లలు కూడా నిన్న జరిగింది చెప్పకుండా, బడిలో ఏం జరుగుతుందో చెప్పారట. ముందు వరస కుదుర్చుకుంటారు. అది కుదిరాక, అందులో ఇమడని సంగతి ఏదైనా జరిగితే అప్పుడది కథ అవుతుంది.

ఇందులో తెలుగు పిల్లకి ఒక వెసులుబాటు కూడా ఉంది. మనకి "తింటాం" అంటే రోజూ తింటామనీ అవుతుంది, ఇక ముందు తింటామనీ అవుతుంది. మా చిన్నది "బెల్ కొడతారు, వచ్చేస్తాం" అన్నప్పుడు అందులో బడి నియమం ఉంది, తనకు తాను చెప్పుకున్న ధైర్యమూ ఉంది. ఏడుపు గొంతులో ఉన్నా బెల్ కొడతారు, కొడితే అమ్మ వస్తుంది. నెల రోజుల్లో అది నేర్చుకున్నది అదే. నేను అడిగిన ప్రశ్నకి రోజూ సరైన జవాబే చెప్పింది, నేను సున్నా మార్కులు వేస్తూ వచ్చాను.

ఇక హోంవర్క్. ఒక సాయంత్రం డైరీలో "స్టాండింగ్ లైన్ ఒక పేజీ, స్లీపింగ్ లైన్ ఒక పేజీ" అని వచ్చింది. నర్సరీ పిల్లలున్న ఇళ్ళలో ఈ మాటలు తెలియనివాళ్ళుండరు. నిలువు గీత స్టాండింగ్, అడ్డగీత స్లీపింగ్, ఏటవాలుది స్లాంటింగ్. మా చిన్నది నిలువు గీతలు వంకరో టింకరో ఒక పేజీ నింపింది. అడ్డగీత దగ్గరికి వచ్చేసరికి ఒకటి గీసి, పెన్సిల్ పక్కన పెట్టి, ఆ గీత మీద అరచేత్తో మెల్లగా జోకొట్టింది.

"ఇంకోటి గియ్యి."

"ష్. పడుకుంది. పక్కన గీస్తే లేస్తుంది."

నాకు కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టే హడావుడి. గియ్యమని కసిరాను. గీసింది. ఎంత మెల్లగా గీసిందంటే పేజీని లైటు కింద వంచి చూస్తే గానీ గీత కనపడదు. పేజీ మొత్తం అలాగే నింపింది, ఒక్క గీతకీ నిద్రాభంగం కాకుండా. మర్నాడు ఆ పేజీ కింద ఎర్ర ఇంకుతో రాసి ఉంది, గట్టిగా నొక్కి రాయించండి అని.

మన మణికట్టులో చిన్న ఎముకలు ఎనిమిది ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో కనపడవు. మొదటి ఏడాదిలో రెండు గట్టిపడటం మొదలవుతుంది, మూడేళ్ళ ప్రాంతంలో మూడోది. ఏడు దాకా రావాలంటే ఆరేళ్ళు పడుతుంది, ఎనిమిదోది ఇంకా చాలా ఏళ్ళకి గానీ రాదు. పిల్లల ఎముకల వయసు కట్టడానికి డాక్టర్లు చెయ్యి ఎక్స్‌రే తీయించేది ఇందుకే. ఆ చేత్తో నాలుగు గీతల కాపీ పుస్తకంలో పేజీలకి పేజీలు నింపమంటున్నాం.

మన పాత బడులు ఈ పని ఎలా చేసేవో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకి నివేదిక పంపాడు. ఇవాళ్టి అనంతపురం కూడా అప్పుడు బళ్ళారిలోనే ఉండేది. జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి అని లెక్క రాశాడు. ఐదో ఏట చదువు మొదలు. పంతులూ బడిపిల్లలూ ఇంటికొస్తారు, వినాయకుడి బొమ్మ ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, బియ్యంలో వేలు పట్టి రాయిస్తారు. ఇవాళ బాసర వెళ్ళి మనం పలక మీదో, పళ్ళెంలో బియ్యం మీదో చేయిస్తున్నది ఇదే. తర్వాత బడిలో నేల మీద ఇసుక పరిచి, వేలితో అక్షరాలు దిద్దించేవారు.

ఇసుక మీద నొక్కి రాయక్కర్లేదు. తప్పు రాస్తే చేత్తో సర్దేస్తే పోతుంది. దాని మీద ఎర్ర ఇంకు పెట్టడం కూడా ఎవరి వల్లా కాదు. మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే పాద్రీ ఈ ఇసుక రాత చూసి ముచ్చటపడి, 1797లో దాని మీద చిన్న పుస్తకం వేసి, ఇంగ్లండులో మద్రాసు పద్ధతి అని ప్రచారం చేశాడు. ఆ తర్వాత వందేళ్ళకి ఇటలీలో మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, పెన్సిల్ పట్టకముందే పిల్లల చేత వేలితో తడిమించింది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకే వచ్చి, యుద్ధం ముగిసేదాకా ఈ దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. మా ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఆవిడ పేరు పెట్టుకున్న బోర్డులు మూడున్నాయి. మూడింటిలోనూ స్లీపింగ్ లైనే.

అలాగని వీధిబడిని నెత్తిన పెట్టుకోలేను. అదే నివేదికలో మొత్తం 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. ఆ ఇసుక మా చిన్నదాని వేలికి అందేది కాదు. పైగా క్యాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు. ఈ పిల్లలు పద్యాలకు పద్యాలు ఒప్పజెబుతారు గానీ, పలకడం నేర్పిన చిలక్కి ఎంత తెలుసో వీళ్ళకీ అర్థం అంతే తెలుసు అని. దొరగారి ఎత్తిపొడుపే అనుకున్నా, మాట అబద్ధం కాదు. ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పద్యంలో తెలుగు వేరు.

రెండు వందల ఏళ్ళు దాటింది. చిలక అలాగే ఉంది, పద్యం మాత్రం మారింది.

ఒకరోజు మా చిన్నది హాల్లో నిలబడి ఇంగ్లీషు రైమ్ పాడింది. ఇద్దరు పిల్లలు కొండెక్కి నీళ్ళు తేబోయి పడిపోతారే, ఆ పాట. చేతులు తిప్పుతూ, నడుము ఊపుతూ, చివర్లో తానే చప్పట్లు కొట్టుకుంది. మా ఆయన ఫోన్లో వీడియో తీసి ఇరవై మందికి పంపారు. పడుకోబోయే ముందు నేనే ఊరికే ఉండక, దాని అర్థం తెలుగులో చెప్పాను. వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళేమో, బిందె తీసుకుని వెళ్ళారు, వాడు జారి పడ్డాడు, తల పగిలింది, వెనకే అది కూడా దొర్లింది అని. దాని మొహం చిన్నబోయింది.

"పడ్డారా?"

"ఆ."

"రక్తం వచ్చిందా?"

"వచ్చే ఉంటుంది."

కాసేపు ఫ్యాను వైపు చూసింది. "మరి మిస్ ఎందుకు చప్పట్లు కొట్టమంది?"

నేనేం చెప్పను? ఆ మర్నాటి నుంచి రైమ్ పాడమంటే, ఆ పడిపోయే చోట ఆగి, "దెబ్బ తగిలింది" అని తెలుగులో ఒక మాట కలిపి, తర్వాత ముందుకెళ్ళేది. బడిలో అలా కలపకూడదన్నారు. నాకైతే ఆ రైమ్ మొత్తంలో అది నేర్చుకున్నది ఆ ఒక్క మాటే అనిపిస్తుంది.

ఇక్కడ నా వాదన ఏమిటో చెప్పేస్తాను. చిన్నపిల్లల బడి మంచిదో కాదో తేల్చడానికి మనం వాడుతున్న కొలత తప్పు. పిల్ల ఏం అప్పజెప్పిందన్నది చూస్తున్నాం. అప్పజెప్పింది బడి మాట, పిల్ల మాట కాదు. పిల్ల తన మాటల్లో తాను ఏం చెప్పుకోగలుగుతోందన్నది చూడాలి. అది చూడాలంటే ముందు చెప్పనివ్వాలి.

అప్పజెప్పించడానికి కారణం లేకపోలేదు. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ చేసినప్పుడు ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి చదువు హక్కయింది. ఆరేళ్ళలోపు వాళ్ళు 45వ అధికరణంలో ఉండిపోయారు. అక్కడ ప్రభుత్వం ప్రయత్నిస్తుంది, అంతే. 2009 విద్యా హక్కు చట్టం కూడా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల గురించి, సెక్షన్ 11లో, ఏర్పాట్లు చేయవచ్చు అనే అంటుంది. ఆ "చేయవచ్చు"లో నుంచే మన గల్లీల్లో ఇంతింత ప్లేస్కూళ్ళు లేచాయి. డబ్బు తీసుకున్నవాడు సరుకు చూపించాలి. పిల్ల మూడు గంటలు మట్టిలో ఆడి, ఒకడితో కొట్టుకుని, మళ్ళీ వాడి పక్కనే కూర్చుని తిన్నదంటే అది చూపించే సరుకు కాదు. వీడియోలో వంద అంకెలు చూపించవచ్చు. యూకేజీ అవగానే నల్ల గౌను, నెత్తిన పలక టోపీ పెట్టి గ్రాడ్యుయేషన్ డే చేయవచ్చు. ఆ గౌను అద్దె మేమూ కట్టాం, దాచను.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే మెట్టుగా కలిపింది, ఆటతో నేర్పాలంది, వీలైన చోట ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. 2023లో బొమ్మలూ పజిల్సూ పెట్టి జాదూయీ పిటారా అని ఒక పెట్టె కూడా విడుదల చేశారు. కాగితం మీద మాటలన్నీ బాగున్నాయి. మా స్కూల్ వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ సాయంత్రం ఆ రోజు చెప్పిన కాన్సెప్ట్ వస్తుంది. ఒకరోజు లివింగ్, నాన్ లివింగ్ అని వచ్చింది.

"లివింగ్ అంటే ఏంటే?" అన్నాను.

"లీవ్ పెట్టినవాళ్ళు."

"నాన్ లివింగ్?"

"పెట్టనివాళ్ళు. నేను నాన్ లివింగ్."

తెలియని మాట వస్తే పిల్ల ఖాళీగా ఊరుకోదు. తనకి తెలిసిన మాటల్లో నుంచి దగ్గరిది ఒకటి వెతికి అతికిస్తుంది. లీవ్ లెటర్ దానికి తెలుసు, జ్వరం వచ్చినప్పుడు నేను రాశాను కాబట్టి. ప్రాణం ఉన్నవి, లేనివి అని అడిగి ఉంటే? అడిగాను. చీమకి ఉంది, రాయికి లేదు, స్కూటీకి స్టార్ట్ చేస్తే వస్తుంది అంది. స్కూటీ సంగతి మీద ఇద్దరం అరగంట వాదించుకున్నాం. దానికి సైన్సు పాఠం అంటే అదే.

ఇంగ్లీషు వద్దనే హక్కు నాకు లేదు. నేను తింటున్న అన్నం ఆ భాష పెట్టిందే. తాతముత్తాతలకి అసలు ఏ భాషలోనూ అక్షరం అందనివ్వని ఇళ్ళలో పిల్లకి మూడో ఏటే ఇంగ్లీషు కావాలంటే, మాతృభాష గొప్పదని వాళ్ళకి ఉపన్యాసం ఇవ్వడానికి నాలాంటివాళ్ళకి నోరు రాకూడదు. నేర్పండి. కాకపోతే, దెబ్బ తగిలిందన్న సంగతి ఏ భాషలో తెలుస్తుందో ఆ భాషని గేటు బయట వదిలి రమ్మనకండి.

మా పిన్ని ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో ఇరవై ఏడేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసింది. ఈ పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకులతో మొదలైంది. ఇవాళ ఆంధ్రలో 55 వేల పైన, తెలంగాణలో 35 వేల పైన కేంద్రాలున్నాయి. మా పిన్ని కేంద్రం అంటే ఒక గది, ఒక వసారా, రెండు చాపలు, తూకం వేసే మిషను, గోడ మీద పండ్ల చార్టు. సెలవులకి వెళ్ళినప్పుడు నేనూ ఆ చాప మీద కూర్చునేదాన్ని. ఆమె పేర్లు పిలిచి హాజరు వేసేది కాదు. పిల్లలంతా సర్దుకున్నాక, "ఏరా, ఇవాళ ఎవరు రాలా?" అనేది.

పిల్లలు అటూ ఇటూ చూసుకునేవాళ్ళు. లేనివాణ్ణి వెతకడం ఎంత కష్టమైన పనో ఆలోచించండి. ఉన్నవాళ్ళందరినీ గుర్తుపెట్టుకుంటే గానీ లేనివాడు దొరకడు. ఎవడో ఒకడు కనిపెట్టేవాడు.

"వాడు రాలేదు టీచరమ్మా. వాళ్ళ బర్రె ఈనింది. జున్ను తింటా ఉండాడు."

"అట్నా? దున్నా, పెయ్యా?"

"పెయ్యే."

"నువ్వు చూశావా?"

"చూశా. కాళ్ళు ముందొచ్చినాయి. తర్వాత మూతి. వాళ్ళ నాయన లాగినాడు."

"తర్వాత?"

తర్వాత ఏమైందో చెప్పడానికి నలుగురు లేచేవాళ్ళు. ఒకడు చెబుతుంటే ఇంకొకడు కాదనేవాడు. లేగ నిలబడి పడిపోయిందనీ, పడలేదు కూర్చుందనీ గొడవ. మా పిన్ని అన్నం గిన్నె కింద మంట ఎగదోస్తూ, "ఒకడు చెప్పినాక ఒకడు" అని మాత్రం అనేది. ఇరవై నిమిషాలు పట్టేది ఆ హాజరు. వరసలో చెప్పడం, ఎదుటివాడు అయ్యేదాకా ఆగడం, చూసిందీ విన్నదీ వేరని తెలియడం, అన్నీ అందులోనే. ఎల్కేజీ సిలబస్‌లో ఈ మూడింటికీ ఇంగ్లీషు పేర్లున్నాయి, ఫోటోలతో సహా.

కానీ ఆ పెద్ద రిజిస్టర్లలో దీనికి గడి లేదు. ఎంతమంది వచ్చారు, ఎన్ని గుడ్లు, ఎవరి బరువెంత, ఇవే గడులు. ఊళ్ళోవాళ్ళేమో "ఆడ ఆటలే గదా, తిని పడుకోడమే గదా" అనేవాళ్ళు. టౌను నుంచి పసుప్పచ్చ బస్సు రావడం మొదలయ్యాక చాప మీద పిల్లలు తగ్గిపోయారు. చివర్లో మా పిన్ని సొంత డబ్బుతో గోడ మీద ఏబీసీడీలు రాయించింది. పిల్లలు వాటిని పెద్దగా పట్టించుకోలేదు గానీ తల్లులకి కాస్త నమ్మకం కుదిరింది.

ఇంకో పక్క కూడా చెప్పాలి. వానొస్తే ఆ గది కురిసేది. పోలియో చుక్కలకనీ, ఓటర్ల జాబితాలకనీ, మీటింగులకనీ పిలిచినప్పుడల్లా కేంద్రం మూతే. బర్రె కథలు నడిచిన రోజులు ఎన్నో, నడవని రోజులూ అన్ని. నేను ఇదంతా ఫోన్లో ఆమెకి పొగుడుతూ చెబుతుంటే పిన్ని విని విని, "అంత బాగుంటే నీ కూతుర్ని అంగన్‌వాడీలో ఎందుకు చేర్పించలా?" అంది. మా కాలనీ వెనక సందులోనే ఒకటుంది. నేను లోపలికి వెళ్ళి చూసింది కూడా లేదు.

పిల్లలు బడి గురించి నిజంగా చెప్పేది మనం అడిగినప్పుడు కాదు, మనం లేమనుకున్నప్పుడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా చిన్నది బెడ్‌రూమ్‌లో దిండ్లన్నిటినీ గోడ వారగా కూర్చోబెట్టింది. చేతిలో ప్లాస్టిక్ స్కేలు. తలుపు సందులోంచి విన్నాను.

"ఫింగర్ ఆన్ లిప్స్! ఏయ్, పెద్ద దిండూ! నీకు ఇవాళ స్టార్ లేదు. వాల్ వైపు తిరుగు."

పెద్ద దిండు గోడ వైపు తిరిగింది. ఆ గొంతు నేను పేరెంట్స్ మీటింగులో విన్న గొంతు. ముక్కు చివర్నుంచి మాట్లాడే ఆ యాసతో సహా దించేసింది. నాకు ఒళ్ళు మండింది. అంతలో అది స్కేలు కింద పడేసి, చిన్న దిండు పక్కన చతికిలబడి, ఒళ్ళోకి తీసుకుని, పూర్తిగా వేరే గొంతుతో అంది: "ఏడ్వకు బిడ్డా. బెల్లు కొడ్తరు. మీ అమ్మ ఒస్తది."

మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అది ఆయమ్మ గొంతు. బాత్రూముకి తీసుకెళ్ళి, డబ్బా మూత తీసిపెట్టి, ఏడ్చే పిల్లల్ని చంకనేసుకునే మనిషి. స్కూల్ వాళ్ళ బ్రోషర్లో ఆవిడ ఫోటో లేదు. మొదటి నెలంతా అది నాకు అప్పజెప్పిన "బెల్ కొడతారు, వచ్చేస్తాం" ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

గోడ వైపు తిప్పడం గురించి స్కూలుకెళ్ళి అడిగాను. శారీరకంగా కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా చట్టం ఒప్పుకోదని కాస్త గట్టిగానే అన్నాను. "అలాంటివి మా దగ్గర జరగవు మేడమ్, పిల్లలు ఊహించుకుంటారు" అన్నారు నవ్వుతూ. పిల్ల ఏబీసీడీలు అప్పజెబితే అది బడి గొప్ప. గోడ వైపు నిలబెట్టారని చెబితే మాత్రం పిల్ల ఊహ. నేను వాదించలేదు. పీపీ1కి, అంటే ఎల్కేజీకి, స్కూలు మార్చాం. ఆయమ్మకి ఒక చీర ఇచ్చి వచ్చాను. చీర మడత మీద చెయ్యి పెట్టి, "పాప మంచిగ ముచ్చట పెడ్తది మేడం" అంది ఆవిడ. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ బడిలో మా పిల్ల మాట విన్నది బహుశా ఆవిడొక్కతే.

అప్పట్నుంచి నేను "ఏం నేర్చుకున్నావు" అనడం మానేశాను. చికాగోలో వివియన్ పేలీ అని ఒక కిండర్‌గార్టెన్ టీచరు ఉండేది. పిల్లలు కథ చెబుతుంటే దిద్దకుండా ఉన్నదున్నట్టు రాసుకుని, తర్వాత క్లాసంతా కలిసి దాన్ని ఆడించేది. అంత ఓపిక నాకు లేదు గానీ, పాత డైరీ ఒకటి తీసి దాని మాటలు రాయడం మొదలుపెట్టాను. పిన్ని ప్రశ్నే అరువు తెచ్చుకున్నాను: "ఇవాళ ఎవరు రాలేదు?" మొదట్లో ఒక పేరు చెప్పి ఊరుకునేది. వారం తిరిగేసరికి ఆ పేరు వెనక కథ రావడం మొదలైంది. డైరీలోవి కొన్ని ఇక్కడ పెడతాను, తేదీల్లేకుండా.

"ఇవాళ నా చెప్పు నా కాలిది కాదు. ఇంటర్వెల్ అయ్యాక నాదయింది."

"గమ్ము తెల్లగా ఉంటుంది గానీ పాలు కాదు. నేను చూశా."

"వాడు నన్ను నెట్టాడు. నేను సారీ చెప్పా. వాడికి చెప్పడం రాదు, అందుకని నేనే చెప్పా."

"కత్తెర కాగితాన్ని కొరికితే దానికి నొప్పి ఉండదు. కాగితానికి, కత్తెరకి, ఎవరికీ ఉండదు. నా వేలికి ఉంటుంది."

ఆ మూడోది చదివి నేను చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఇంట్లో పెద్దవాళ్ళం ఇద్దరం ఇంకా అక్కడిదాకా రాలేదు.

ఇంకొక మార్పు కూడా ఆ డైరీలోనే పట్టుబడింది, నేను వెతక్కపోయినా. మొదటి పేజీల్లో అన్నీ "మనం". "మనం స్కూల్లో బొమ్మ వేశాం" అనేది, నేను కూడా పక్కన కూర్చుని వేసినట్టు. దానికి అప్పటికి నేను లేని చోటు అనేది ఒకటుందని తెలియదనుకుంటా. పీపీ1 దసరా సెలవులైన తర్వాత ఒకరోజు, స్కూటీ వెనక సీటు మీద (ముందు నిలబడితే ఇప్పుడు నాకు రోడ్డు కనపడదు) అడక్కుండానే మొదలుపెట్టింది.

"ఇవాళ మేం చీమల పుట్టకి చక్కెర పెట్టాం."

"మనమా?"

"కాదు, మేం."

"మేం అంటే ఎవరెవరు?"

నలుగురి పేర్లు చెప్పింది. రెండు పేర్లు నేనెప్పుడూ వినలేదు.

"నేను?"

"నువ్వు లేవుగా అమ్మా," అని, జాలిపడిందో ఏమో, నా వీపు మీద అరచేత్తో రెండుసార్లు మెల్లగా జోకొట్టింది.